టూరింగ్ బండికి షాకప్స్ మార్చాలా? ముందు కొలవండి, తర్వాత కొనండి

"అన్నా, శ్రీశైలం ఘాట్‌లో వెనక తెగ ఊగిపోతోంది. ఏ షాకప్స్ వేయించమంటావు?"

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇదే. కొందరు బండి పేరు చెప్పి అడుగుతారు, కొందరు బడ్జెట్ చెప్పి అడుగుతారు. బరువెంతో చెప్పి అడిగేవాళ్లు అరుదు. కానీ షాకప్ ఎంపికలో మొదట కావాల్సింది ఆ బరువే. ఒక్కడే తిరిగే బండికీ, వెనక భార్యను కూర్చోబెట్టుకుని రెండు పక్కపెట్టెలు కట్టుకుని పోయే బండికీ ఒకటే స్ప్రింగ్ సరిపోదు. మీ బరువుకు కుదరని స్ప్రింగ్ ఉన్న ఖరీదైన గ్యాస్ షాకప్ (లోపల నైట్రోజన్ నింపినది) కంటే, సరిగ్గా కొలిచి సెట్ చేసిన కంపెనీ షాకప్పే మేలు.

మన దారులు కూడా ఒక్క తీరుగా ఉండవు. 16వ నంబరు హైవే మీద గంటలకొద్దీ నున్నటి రోడ్డు, మధ్యమధ్యలో ఊళ్ల దగ్గర వరసగా రంబుల్ స్ట్రిప్స్. చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే ఒంగోలు–పొదిలి దారిలో చక్రాల జాడలు, అతుకులు. గిద్దలూరు నుంచి నంద్యాలకు, దోర్నాల నుంచి శ్రీశైలానికి, రాపూరు నుంచి చిట్వేలికి పోతే ఘాట్ మలుపులు. హైవే మీద బాగున్న సెట్టింగ్ ఘాట్‌లో దొరికిపోతుంది. అందుకే కింది పని వరస తప్పకుండా చేయండి. చాలామందికి నాలుగో మెట్టు దగ్గరే సమస్య తీరిపోతుంది, కొనే పని ఉండదు.

కావాల్సినవి

- 3 మీటర్ల స్టీలు టేపు, మాస్కింగ్ టేపు, మార్కర్ పెన్ను
- సన్న జిప్ టైలు రెండు మూడు
- సొంత టైరు గేజి (పంచర్ షాపు గేజిని నమ్ముకోవద్దు, ఒక్కో షాపులో ఒక్కో అంకె చూపిస్తుంది)
- షాకప్ ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందుగానే కొంత నొక్కిపెట్టే సర్దుబాటు) తిప్పే హుక్ స్పానర్. చాలా బండ్లకు టూల్‌కిట్‌లోనే వస్తుంది
- టార్క్ రెంచ్
- మెయిన్ స్టాండ్ లేదా ప్యాడాక్ స్టాండ్
- ఫోర్క్ (ముందు చక్రం షాకప్పులు) ఆయిల్ పని కూడా మీరే చేస్తే: మి.లీ. గీతలున్న జాడీ, స్టీలు స్కేలు, సన్న పైపు తగిలించిన పెద్ద సిరంజీ
- బండి మాన్యువల్. ఆయిల్ కొలత, టార్క్ అంకెలు అందులోవే వాడాలి. ఎవరో చెప్పినవి వద్దు
- సాయానికి ఇద్దరు మనుషులు

1. షాకప్ మీద నింద వేసే ముందు

ఊగడం, లాగడం, కొట్టుకోవడం అన్నీ షాకప్ వల్లే రావు. ఈ నాలుగూ ముందు చూడండి.

టైరు గాలి: పొద్దున్నే, బండి కదలకముందు కొలవండి. మాన్యువల్లో ఒంటరికీ, వెనక మనిషి ఉన్నప్పటికీ వేరు వేరు అంకెలుంటాయి. మే నెలలో నెల్లూరు తారు మీద గంట తోలాక గాలి ఒత్తిడి పెరగడం మామూలే. అప్పుడు గాలి తీసేయకండి. చల్లారాక తక్కువైపోయి టైరు నలుగుతుంది.

కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు): ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో, అంటే నేరుగా ఉన్న చోట చిన్న గాడిలో పడ్డట్టు ఆగితే బేరింగ్ కప్పులు అరిగాయి. ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టక్ మంటే లూజు. ఈ రెంటిలో ఏది ఉన్నా ఫోర్కు మీద ఎంత ఖర్చు పెట్టినా హ్యాండిల్ స్థిరంగా ఉండదు.

స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకి కలిపే చేయి) బుష్: వెనక చక్రం లేపి, పక్కలకు బలంగా ఊపండి. చక్రంతోపాటు స్వింగ్ ఆర్మ్ కూడా కదిలితే బుష్ పోయింది. చక్రం మాత్రమే కదిలితే వీల్ బేరింగ్. మోనోషాక్ (వెనక ఒకటే షాకప్) బండికి లింకేజీ (షాకప్‌ని స్వింగ్ ఆర్మ్‌కి కలిపే లీవర్లు) ఉంటే చక్రాన్ని మెల్లగా పైకి ఎత్తి చూడండి. షాక్ కదలకముందే ఆట కనిపిస్తే లింకేజీ బేరింగులు గ్రీజు లేక అరిగిపోయినట్టు.

లగేజీ: వెనక టాప్ బాక్సులో బరువు నింపితే 90 దాటాక హ్యాండిల్ తేలిపోతుంది. బరువైన సామాను పక్కపెట్టెల్లో, వీలైనంత ముందుకు, కిందికి సర్దండి. టాప్ బాక్సులో రెయిన్‌కోటు, బట్టలు చాలు.

2. బరువు తూచండి, ఊహించొద్దు

హెల్మెట్, జాకెట్, బూట్లు అన్నీ వేసుకుని తూగండి. గేరు ఒక్కటే 6–8 కిలోలు తేలుతుంది. వెనక కూర్చునేవాళ్లు కూడా అలాగే. లగేజీ పెట్టెలతో సహా తూచండి. ఖాళీ పెట్టెలు, వాటి ఇనుప ఫ్రేములే చాలామందికి లెక్కలో రావు.

రైస్ మిల్లు కాటాగానీ ధాన్యం కొట్టు కాటాగానీ దొరికితే ఇంకా మంచిది. వెనక చక్రం కాటా మీద, ముందు చక్రం అంతే ఎత్తున్న చెక్క మీద పెట్టి, మనుషులు కూర్చున్నాక తూకం చూడండి. తర్వాత ముందు చక్రం. ఏ చక్రం మీద ఎంత పడుతోందో తెలిస్తే స్ప్రింగ్ అమ్మేవాళ్లతో మాట్లాడటం సులువు. బండి గరిష్ఠ బరువు మాన్యువల్లో ఉంటుంది. దానిలోంచి బండి సొంత బరువు తీసేస్తే మీరు ఎక్కించగలిగింది తేలుతుంది. అది దాటుతుంటే షాకప్ మార్చినా ఫ్రేము, రిమ్ము, బ్రేకులు మారవు. సామాను తగ్గించుకోవడం తప్ప వేరే దారి లేదు.

3. కుంగుడు కొలవండి

మెకానిక్కులు సాగ్ అనేది ఇదే: బరువు పడినప్పుడు బండి ఎంత కుంగుతుందో. మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన మెట్టు ఇది, తొందరపడొద్దు.

వెనక యాక్సిల్‌కి సరిగ్గా నిట్టనిలువుగా పైన, టెయిల్ ప్యానెల్ మీద టేపు ముక్క అంటించి గీత పెట్టండి. యాక్సిల్ మధ్య నుంచి ఆ గీత దాకా ఎప్పుడూ ఇదే కొలత.

క) చక్రం పూర్తిగా గాల్లో వేలాడేటట్టు బండి లేపి కొలవండి.
ఖ) బండి నేల మీద, నిటారుగా, మనిషి లేకుండా.
గ) మీరు గేరుతో కూర్చుని, కాళ్లు ఫుట్‌పెగ్స్ మీద పెట్టి. ఒకరు ముందు పట్టుకోవాలి, ఒకరు కొలవాలి.
ఘ) వెనక మనిషి, సామాను అన్నీ ఎక్కాక.

ఖ, గ, ఘ కొలతలు ఒక్కోటీ రెండుసార్లు తీయాలి. ఒకసారి బండిని కిందికి నొక్కి మెల్లగా వదిలి, రెండోసారి కొంచెం పైకి ఎత్తి మెల్లగా దింపి. రెంటి సగటే అసలు కొలత. రెంటికీ తేడా మరీ ఎక్కువుంటే, ముఖ్యంగా ముందు ఫోర్కులో, లోపల రాపిడి ఉందన్నమాట. పైపు వంకరో, సీలు ఎండిపోయిందో, యాక్సిల్ బిగింపు తప్పో అయ్యుంటుంది.

ముందు ఫోర్కుకీ ఇదే పద్ధతి. మామూలు ఫోర్కు అయితే పైపు మీద డస్ట్ సీలు నుంచి కింది క్లాంపు (పైపుల్ని పట్టుకునే దిమ్మ) దాకా కొలవండి. తిరగేసిన ఫోర్కుకు (లావు గొట్టం పైన, సన్న పైపు కింద ఉండేది) యాక్సిల్ దగ్గరి నుంచి సీలు దాకా.

'క' లోంచి 'ఖ' తీసేస్తే ఖాళీ కుంగుడు. 'క' లోంచి 'గ' తీసేస్తే మనిషి కుంగుడు. 'క' లోంచి 'ఘ' తీసేస్తే ఫుల్ లోడ్ కుంగుడు.

టూరింగ్‌కి లెక్క ఇది: మనిషి కుంగుడు మొత్తం ట్రావెల్‌లో (చక్రం పైకీ కిందికీ కదలగల దూరంలో) 25 నుంచి 33 శాతం. ఫుల్ లోడ్‌తో 35 శాతం దాటకూడదు. ఖాళీ కుంగుడు వెనక 5–10 శాతం, ముందు 15–20 శాతం. ఒక్క మిల్లీమీటరు కూడా ఖాళీ కుంగుడు లేకపోతే బండి గుంతలో చక్రాన్ని కిందికి దించలేదు, ఎగిరిపడుతుంది.

రెండు రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లకు అంకెల్లో చూద్దాం. హిమాలయన్ 450కి ముందూ వెనకా 200 మి.మీ. ట్రావెల్. మనిషి కుంగుడు 50–66 దగ్గర ఉండాలి. ఇంటర్‌సెప్టర్ 650కి వెనక ట్రావెల్ 88 మి.మీ. మాత్రమే. అంటే 22–29. ఇంత తక్కువ ట్రావెల్ ఉన్న బండికి 5 మి.మీ. తప్పు కూడా నడుములో తెలుస్తుంది.

4. ఆ అంకెలు ఏం చెబుతున్నాయి

ముందు ప్రీలోడ్ తిప్పి చూడండి. ఇక్కడో అపోహ బలంగా పాతుకుపోయింది: ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని. గట్టిపడదు. బండి ఎత్తు మాత్రం పెరుగుతుంది. స్ప్రింగ్ మీద ఒక కిలో పడితే ఎంత కుంగేదో, బిగించాకా అంతే కుంగుతుంది.

ప్రీలోడ్‌తో ఫుల్ లోడ్ కుంగుడు 35 శాతానికి వచ్చి, ఖాళీ కుంగుడు కూడా మిగిలితే మీ స్ప్రింగ్ సరిపోతుంది. కొనే పని లేదు. ప్రీలోడ్ చివరిదాకా బిగించినా ఫుల్ లోడ్ కుంగుడు దాటిపోతూ, ఖాళీ కుంగుడు సున్నాకి వచ్చేస్తే స్ప్రింగ్ మెత్తన. మనిషి కుంగుడు సరిగ్గా ఉండి ఖాళీ కుంగుడు మరీ ఎక్కువుంటే స్ప్రింగ్ మీ బరువుకు గట్టిది. చాలామందికి ఇది తిరగబడినట్టు అనిపిస్తుంది. గట్టి స్ప్రింగ్‌కి ప్రీలోడ్ బాగా వదిలేస్తే తప్ప కుంగదు, అందుకే ఖాళీగా ఉన్నప్పుడు కూడా దిగి కూర్చుంటుంది.

ఎంత గట్టి స్ప్రింగ్ కావాలో ఒక లెక్కతో తేల్చుకోవచ్చు. 200 మి.మీ. ట్రావెల్ ఉన్న బండి అనుకోండి. కొలతలు: క 612, ఖ 590, గ 561, ఘ 515. ఖాళీ కుంగుడు 22, మనిషి కుంగుడు 51, ఫుల్ లోడ్ 97. ఒంటరిగా తిరిగితే 51 అంటే 25 శాతం, బాగుంది. ఫుల్ లోడ్ 97 అంటే 48 శాతం, సగం ట్రావెల్ కదలకముందే పోయింది. ప్రీలోడ్ పూర్తిగా బిగిస్తే బండి 20 మి.మీ. లేచిందనుకుందాం. ఫుల్ లోడ్ 77, ఖాళీ 2. ఇంకా 38 శాతం మీదే ఉంది, ఖాళీ కుంగుడు దాదాపు పోయింది. స్ప్రింగ్ మెత్తనే.

ఇప్పుడు ఫుల్ లోడ్‌లోంచి ఖాళీ కుంగుడు తీసేయండి: 97 – 22 = 75. ప్రీలోడ్ మార్చినా ఈ 75 మారదు. మనుషులు, సామాను ఎక్కితే స్ప్రింగ్ ఎంత లొంగుతుందో చెప్పే అంకె ఇదే. 25 శాతం గట్టి స్ప్రింగ్ వేస్తే ఈ 75 కాస్తా 60 అవుతుంది. ఖాళీ కుంగుడు 10కి సెట్ చేసుకుంటే ఫుల్ లోడ్ 70, అంటే 35 శాతం. ఎప్పుడూ ఇద్దరు పెట్టెలతో పోయేవాళ్లకు ఇది సరిపోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఒంటరిగా తిరిగేవాళ్లు 10–15 శాతం దగ్గర ఆగితే మంచిది. ఫుల్ లోడ్ రోజున కొంచెం కుంగినా, మిగతా రోజులు నడుము నొప్పి ఉండదు.

ఈ లెక్క ఒకే గట్టితనం ఉన్న స్ప్రింగ్‌కి కచ్చితంగా పనిచేస్తుంది. చుట్లు ఒక వైపు దగ్గరగా, ఒక వైపు దూరంగా ఉండే ప్రోగ్రెసివ్ స్ప్రింగ్‌కి దగ్గరి అంచనా మాత్రమే ఇస్తుంది.

5. తోలేటప్పుడు తెలిసే గుర్తులు

స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనక పైకి తన్ని, రెండు మూడుసార్లు ఊగి ఆగితే రీబౌండ్ డాంపింగ్ (కుంగిన షాకప్ తిరిగి పైకి లేచే వేగాన్ని ఆయిల్‌తో అదుపు చేసేది) పోయింది. పాత షాకప్ ఆయిల్ అయిపోయిందని అర్థం. స్ప్రింగ్ మార్చితే తీరదు.

రంబుల్ స్ట్రిప్స్ వరసగా వచ్చినప్పుడు మొదటి రెండూ బాగానే ఉండి, తర్వాతవి ఒక్కోటీ గట్టిగా కొడుతుంటే రీబౌండ్ మరీ బిగిసింది. ఒక గుంత నుంచి లేవకముందే ఇంకోటి వస్తోంది, షాకప్ కిందికి కిందికి పోతోంది.

చిన్న అతుకులు చేతుల్లోకి కొడుతూ, పెద్ద గుంతలు బాగానే మింగేస్తే కంప్రెషన్ డాంపింగ్ (కుంగే వేగాన్ని అదుపు చేసేది) ఎక్కువ, లేదా ఫోర్కులో ఆయిల్ చిక్కన. బ్రేకు పట్టగానే ముందు ముక్కు నేలకేసినట్టు దిగిపోతే ఫోర్క్ స్ప్రింగ్ మెత్తన. ఆయిల్ చిక్కన చేసి దీన్ని దాచాలని చూస్తారు. దిగడం ఆలస్యమవుతుంది తప్ప ఆగదు, పైగా చిన్న గుంతలు కరుకుగా తగులుతాయి.

ఘాట్ మలుపులో బండి వెనక భాగం పడవలా ఊగితే వెనక డాంపింగ్ చూడండి. పొద్దున ఎక్కేటప్పుడు బాగుండి, మధ్యాహ్నం దిగేటప్పుడు ఊగితే అది ఇంకో సంగతి. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ వేడికి షాకప్ లోపలి ఆయిల్ పల్చబడి, గాలి, ఆయిల్ కలిసి నురగైపోతుంది. ఫుల్ లోడ్‌తో వేసవిలో తిరిగేవాళ్లకు గ్యాస్ షాకప్, వీలైతే విడి డబ్బా (గ్యాస్, ఆయిల్ ఉండే రిజర్వాయర్) ఉన్నది, నిజంగా ఉపయోగపడేది ఇక్కడే.

6. డబ్బు ఏ వరసలో పెట్టాలి

మొదట ఫోర్క్ ఆయిల్, సీళ్లు. 20 వేల కి.మీ. దాటినా ఆయిల్ మార్చని బండ్లే ఎక్కువ. దీనికయ్యే ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ. తర్వాత మీ బరువుకు తగ్గ ఫోర్క్ స్ప్రింగులు. ఆ తర్వాతే వెనక షాకప్. ఫోర్కు లోపల పూర్తి కార్ట్రిడ్జి (డాంపింగ్ భాగాల సెట్టు) మార్చడం అన్నిటికంటే చివర.

చాలామంది వెనక షాకప్ ఒక్కటే మార్చి ఆగిపోతారు. వెనక గట్టిపడి, ముందు మెత్తగా ఉండిపోతే బ్రేకు పట్టినప్పుడు బరువంతా ముందుకే దొర్లుతుంది. ఘాట్ దిగేటప్పుడు హ్యాండిల్ భయపెడుతుంది. వెనక మార్చేవాళ్లు కనీసం ముందు ఆయిల్, స్ప్రింగ్ అయినా చూసుకోవాలి.

7. ఫోర్క్ ఆయిల్ మార్చడం

తిరగేసిన ఫోర్కు ఇంట్లో విప్పొద్దు. క్యాపు లోపలి కార్ట్రిడ్జి రాడ్డుకి బిగించి ఉంటుంది, ప్రత్యేక పనిముట్లు కావాలి. కింద చెప్పేది క్లాసిక్, మీటియర్, హిమాలయన్ 411 లాంటి మామూలు ఫోర్కులకు.

ఫోర్కు కిందికి తీయకముందే పై క్లాంపు బోల్టు వదులు చేసి, పై క్యాపుని పావు చుట్టు లూజు చేయండి. బయటికి తీశాక పైపు తిరిగిపోతూ క్యాపు ఊడదు. అందరూ చేసే మొదటి తప్పు ఇదే. క్యాపు చివర స్ప్రింగ్ తన్నుతుంది, మొహం దూరంగా పెట్టుకోండి.

పాత ఆయిల్ జాడీలోకి వంచి, ఫోర్కుని 10–15 సార్లు పంపు చేసి, తలకిందులుగా అరగంట వదిలేయండి. రెండు కాళ్ల లోంచి వచ్చిన ఆయిల్ కొలిచి చూడండి. ఒకదాంట్లో తక్కువుంటే ఆ సీలు కారుతోంది.

మాన్యువల్లో చెప్పిన గ్రేడు, చెప్పినంత పోయండి. మెల్లగా పంపు చేస్తూ బుడగలు ఆగేదాకా చూసి, పది నిమిషాలు నిలబెట్టండి. తర్వాత స్ప్రింగ్ లేకుండా, ఫోర్కు పూర్తిగా నొక్కిపెట్టి, పైపు అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలుతో కొలవండి. రెండు కాళ్లలో తేడా 1 మి.మీ. మించకూడదు. ఎక్కువైతే సిరంజీతో లాగేయండి. ఆఖర్లో గుద్దుకుంటోంది అనుకుంటే మట్టం 5–10 మి.మీ. పెంచొచ్చు. పైన మిగిలిన గాలి చివర్లో స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. అంతకు మించితే సీలు తన్నేస్తుంది.

10డబ్ల్యూ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన అన్ని కంపెనీలదీ ఒకే చిక్కదనం కాదు. డబ్బా వెనక 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ అంకె చూడండి. ఒకసారి నచ్చినదాన్నే మళ్లీ వాడండి. ఇంజిన్ ఆయిల్ పోస్తే సరిపోద్దని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

బిగించేటప్పుడు వరస: రెండు పైపులూ పై క్లాంపు మీద ఒకే ఎత్తులో ఉండాలి. యాక్సిల్ బిగించి, బండి దింపి, ఐదారుసార్లు ఫోర్కుని నొక్కి వదలండి. ఆ తర్వాతే యాక్సిల్ పక్కన ఉండే పించ్ బోల్టు. ఈ ఒక్క మెట్టు దాటేస్తే రెండు కాళ్లూ కొంచెం దగ్గరకో దూరానికో లాగబడి, ఫోర్కు రాసుకుంటూ కదులుతుంది. కొత్త ఆయిల్ పోసినా కరుకుగా ఉందనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

8. వెనక షాకప్ కొనడం

వైఎస్‌ఎస్, ఓలిన్స్ లాంటి కంపెనీలవి మన దగ్గర దొరుకుతున్నాయి. ఏదైనా సరే, ఆర్డర్ పెట్టే ముందు ఈ వివరాలు తేల్చుకోండి.

మీ బండి మోడలు, సంవత్సరం. కళ్ల మధ్య పొడవు, అంటే పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య దాకా, కంపెనీదే ఉండాలి. మోనోషాక్‌లో 10 మి.మీ. పొడవు పెరిగితే చక్రం దగ్గర అంతకు రెండు మూడు రెట్లు ఎత్తు పెరుగుతుంది. హ్యాండిల్ చురుగ్గా తిరిగిపోతుంది, సైడ్ స్టాండ్ మీద బండి మరీ పక్కకు వాలిపోతుంది, చైను లూజు మారిపోతుంది.

మీ బరువులు చెప్పి స్ప్రింగ్ ఎంపిక చేయించుకోండి. "అందరికీ ఇదే వస్తది" అంటే వేరే చోట చూడండి. అదనంగా స్ప్రింగ్ మార్చుకునే వీలుందా అనీ అడగండి.

ప్రీలోడ్ ఎలా తిప్పాలి? వారంలో ఆరు రోజులు ఒంటరిగా, ఏడో రోజు కుటుంబంతో పోయేవాళ్లకు చేత్తో తిప్పే హైడ్రాలిక్ నాబ్ ఎంతో పనికొస్తుంది. రింగులు బిగించే రకమైతే తిప్పడం కష్టమని ఎవరూ మార్చరు, చివరికి తప్పు సెట్టింగ్‌తోనే తిరుగుతారు. రీబౌండ్ సర్దుబాటు ఉండాల్సిందే. కంప్రెషన్ సర్దుబాటు లేకపోయినా టూరింగ్‌కి ఫర్వాలేదు.

రీబిల్డ్ ఎక్కడ చేస్తారో కొనే ముందే కనుక్కోండి. గ్యాస్ షాకప్‌కి సాధారణంగా 20–30 వేల కి.మీ.కి ఆయిల్, సీళ్లు, నైట్రోజన్ మార్చాల్సి వస్తుంది. దగ్గర్లో చేసేవాళ్లు లేకపోతే చెన్నై దాకా పంపాలి. ఆ ఖర్చు, ఆ రోజులు కూడా ధరలో భాగమే.

వారంటీ, ఇన్సూరెన్స్ నిబంధనలు చదవండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. పొడవు, ఎత్తు మార్చని, మీ మోడలుకే తయారైన భాగం తీసుకోవడానికి అదీ ఒక కారణం.

వద్దు అనాల్సినవి: షాకప్ కింద తగిలించే ఎత్తు పెంచే ముక్కలు (బోల్టు మీద వంపు బలం పడి విరుగుతాయి), వేరే బండి షాకప్ బుష్ మార్చి బిగించడం, ఎంత తిరిగిందో తెలియని పాత గ్యాస్ షాకప్. నైట్రోజన్ పోయిందని పంచర్ షాపులో గాలి కొట్టించడం అస్సలు వద్దు. మామూలు గాలిలో తేమ ఉంటుంది, ఆ ఒత్తిడికి ఆ కంప్రెసర్ చాలదు కూడా. గ్యాస్ ఉన్న డబ్బాని ఇంట్లో విప్పితే భాగాలు తుపాకీ గుండులా వస్తాయి.

బిగించడం సులువే. వెనక చక్రం నేలకు ఆనీ ఆనకుండా లేపి, కింద చెక్క పెట్టి, బోల్టులు తీయండి. జంట షాకప్ అయితే ఒకటి తీసి ఒకటి బిగించండి, రెండూ ఒకేసారి తీస్తే చక్రం జారుతుంది. బోల్టులకు పాత గ్రీజు తుడిచి కొత్తది రాయండి, మరల మీద మాత్రం వద్దు. టార్క్ మాన్యువల్ ప్రకారం. బిగించాక బోల్టు, ఫ్రేము కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. తర్వాత కదిలితే గీత విడిపోయి కనిపిస్తుంది. విడి డబ్బా పైపు పక్కపెట్టెకీ, సైలెన్సర్‌కీ తగలకుండా, షాక్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు కూడా చూడండి.

9. సెట్ చేయడం

మళ్లీ 3వ మెట్టు కొలతలు తీసి ప్రీలోడ్ సరిచేయండి. ఆ తర్వాతే రీబౌండ్. నాబ్‌ని మెల్లగా పూర్తిగా లోపలికి తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టి రాసుకోండి. కంపెనీ చెప్పిన అంకె దగ్గర మొదలుపెట్టండి. సీటు మీద బలంగా నొక్కి వదిలితే, పైకి వచ్చి ఒక్కసారి కొంచెం దిగి ఆగాలి. రెండుసార్లు ఊగితే రెండు క్లిక్కులు బిగించండి, నిద్రమత్తులో లేచినట్టు లేస్తే రెండు క్లిక్కులు వదలండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి, ఒకే దారిలో తోలి చూడండి. ఒంగోలు నుంచి కొత్తపట్నం, నెల్లూరు నుంచి మైపాడు లాంటి దారుల్లో నున్నటి ముక్క, అతుకులు, స్పీడ్ బ్రేకర్లు అన్నీ దొరుకుతాయి. ప్రతి మార్పూ తేదీతో ఫోనులో రాయండి. ఒంటరికి ఒక సెట్టింగ్, ఫుల్ లోడ్‌కి ఒకటి తేలాక ఆ రెండు అంకెలూ సీటు కింద చీటీ రాసి అంటించుకోండి.

10. పని సరిగ్గా అయ్యిందా?

ఫోర్కు పైపుకీ, వీలైతే వెనక షాక్ రాడ్డుకీ జిప్ టై వదులుగా కట్టి, సీలు దాకా నెట్టండి. ఒక పూట తోలాక అది ఎక్కడ ఆగిందో చూడండి. మామూలు దారిలో ట్రావెల్ మూడొంతుల దాకా వాడితే బాగుంది. పెద్ద గుంతకు కూడా చివర 10–15 మి.మీ. మిగలాలి. రోజూ చివరిదాకా పోతుంటే స్ప్రింగ్ మెత్తన, సగం కూడా దాటకపోతే గట్టిది లేదా ఆయిల్ ఎక్కువ.

చైను లూజు మళ్లీ చూడండి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివోట్, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. అక్కడ కూడా కొంచెం ఆట ఉండాలి. హెడ్‌లైటు ఎత్తు కూడా ఫుల్ లోడ్‌తో గోడ మీద చూసి సరిచేయండి. వెనక లేచిందంటే లైటు దిగుతుంది, కుంగిందంటే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది.

500 కి.మీ.కి బోల్టు గీతలు, సీళ్ల దగ్గర తడి చూడండి. 1000కి కుంగుడు మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగ్ మొదట్లో ఒకటి రెండు మి.మీ. సర్దుకోవచ్చు.

సముద్రం పక్కన తిరిగేవాళ్లకు

కొత్తపట్నం, కృష్ణపట్నం, మైపాడు వైపు, రొయ్యల చెరువుల దారుల్లో ఉప్పు గాలితోపాటు లారీల నుంచి కారే ఉప్పునీళ్లు కూడా ఫోర్కు పైపుల మీద పడతాయి. క్రోమ్ మీద సూదిమొనంత గుంట పడినా అది ప్రతిసారీ సీలుని కోస్తుంది. ఎన్ని సీళ్లు మార్చినా కారుతూనే ఉంటుంది. తిరిగొచ్చిన రోజే మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో పైపులు తుడవండి. రబ్బరు గొట్టాలు తొడిగి ఉంటే నెలకోసారి పైకి జరిపి లోపల కూడా. ఉప్పు వాటి లోపలే దాక్కుంటుంది.

గోరుతో పైపు మీద రాస్తే ఎక్కడైనా తగిలితే 2000 నంబరు ఎమెరీ ఆయిల్‌లో ముంచి, పైపు చుట్టూ అడ్డంగా, ఆ అంచు నున్నబడేదాకా మాత్రమే రాయండి. నిలువుగా రాస్తే ఆ గీతల వెంట ఆయిల్ పైకి పాకుతుంది. గుంట లోతుగా, సీలు తిరిగే చోటే ఉంటే పైపు మార్చాల్సిందే.

ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఫోర్కు పని సెప్టెంబరులోపే చేయించుకుంటే గుంతలు పడే కాలానికి సీళ్లు కొత్తగా ఉంటాయి. దారిలో హఠాత్తుగా సీలు కారడం మొదలైతే, ముందు డస్ట్ సీలు పైకి (తిరగేసిన ఫోర్కుకైతే కిందికి) జరిపి, పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి కొక్కెంలా కోసిన ముక్కని సీలు, పైపు మధ్య దూర్చి చుట్టూ తిప్పండి. మట్టి రేణువు ఇరుక్కుని ఉంటే దాంతోపాటు బయటికి వస్తుంది, కారడం ఆగుతుంది. ఆగకపోతే ఆ ఆయిల్ బ్రేకు డిస్కు మీద, ప్యాడ్ల మీద పడకుండా గుడ్డ కట్టి, మెల్లగా దగ్గరి ఊరు చేరండి. డిస్కు మీద పడితే బండి అక్కడే ఆపేయాలి. డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో తుడవొచ్చు గానీ, ఆయిల్ పీల్చిన ప్యాడ్లు మార్చాల్సిందే.